ఎడమ చుట్టు

రుచి గది, పట్నం
జనవరి 9

అక్కా,

ఉత్తరం రాయడం మానేశానని దెప్పావట, మేనల్లుడు చెప్పాడు. ఫోన్లో నా మాట సగం నీకు వినపడదు, మిగతా సగం నువ్వు చెప్పనివ్వవు. అందుకే మళ్లీ కాగితం పట్టుకున్నాను.

ఇక్కడ పని మామూలే. రోజుకి మూడు చుట్టలు. పొద్దున ఒకటి, భోజనానికి గంట ముందు ఒకటి, సాయంత్రం ఒకటి. నాలుగోది ముట్టుకోను, నాలుగో దానికి నాలుక అబద్ధాలు మొదలుపెడుతుంది. మధ్యలో చక్కెర లేని టీ, గోరువెచ్చని నీళ్లు. బల్ల మీద తెల్ల కాగితం, పింగాణీ పళ్లెం, గడియారం. గోడలకి ఏమీ లేదు. ఒక బొమ్మ ఉండేది, కళ్లు అటు పోతున్నాయని మా గది పెద్దాయన తీయించేశాడు.

నిన్న మూడేళ్లు దేవదారు పెట్టెలో నిద్రపోయిన చుట్ట ఒకటి ఇచ్చారు. ముక్కు దగ్గర పెడితే ఎండుగడ్డి వాసన, దాని వెనక కొద్దిగా కోకో. నోట్లో పెట్టే తల వైపు కోసి, వెలిగించకుండానే ఒక దమ్ము లాగాను. గాలి ఎక్కడా తడుముకోకుండా వచ్చింది. మంట తగలనివ్వకుండా, వేడి మాత్రం తగిలేలా తిప్పుతూ వెలిగించాను. మొదటి మూడో వంతు మిరియం. ముక్కు వెనకాల చురుక్కుమంది. నడిమి వంతుకి మిరియం తప్పుకుంటే వేయించిన కాఫీ గింజ వచ్చి కూర్చుంది. చివరికి తోలు, ఎండుద్రాక్ష. బూడిద రెండంగుళాలు నిలబడింది. నిమిషానికి ఒక్క దమ్ము, గంటా ఇరవై నిమిషాలు. ఆసేపు నాకు ఎవరూ గుర్తు రాలేదు. ఇంతకంటే గొప్పగా మెచ్చుకోవడం నాకు చేతకాదు. పదికి తొమ్మిదిన్నర మార్కులు వేశాను.

నీ చెయ్యి ఎలా ఉంది? ఊరికే అడిగాను.

తమ్ముడు

~

వంటింటి బల్ల
జనవరి 27

ఒరేయ్ తమ్ముడూ,

ఇక్కడ నా నోరు బాగానే పనిచేస్తోంది. మిగతావన్నీ వయసుకి తగ్గట్టున్నాయి.

గంటసేపు ఎవరూ గుర్తు రాలేదని రాశావు. నేను గుర్తు రాకుండా ఉండాలంటే మీ బావకి గుప్పుగుప్పుమని ఆరు కావలసి వచ్చేవి. నీకు ఒకదానితో సరిపోయింది, పొదుపరివి. మీరు దాన్ని సిగార్ అని పెట్టె మీద బంగారు అక్షరాలు కొట్టిస్తారు. చుట్టేవాళ్లకి అది చుట్టే. చుట్టాన్ని చుట్టం అన్నట్టే.

ఒక సంగతి చెప్పాలి. మన కోడలు మేలు రకాలు చుట్టే మొదటి బల్లకి పరీక్షకి కూర్చుంది. నవంబరులో చుట్టింది, తప్పింది. మీ ముగ్గురిలో ఏ ఒక్కరు ఎనిమిదికి తక్కువ వేసినా తప్పినట్టే కదా. దీనికి ఎనిమిది, ఏడున్నర, ఏడు వచ్చాయి. న్యాయంగానే పోయిందిలే. తల దగ్గర పై ఆకు ముడత పడింది, నేనూ చూశాను. ఇంకా రెండు అవకాశాలున్నాయి. అవి కూడా పోతే ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కింది గదిలో ఆకు ఈనెలు తీస్తూ కూర్చోవాలి. ఆ గదిలో దుమ్ము నీకు తెలుసు. దానికి ఆయాసం. పొద్దున లేచి పది నిమిషాలు మంచం అంచు పట్టుకుని కూర్చుంటే గానీ మాట రాదు. మొదటి బల్ల మేడ మీద, పెద్ద కిటికీ పక్కన. అక్కడికి చేరితే ఊపిరి తీసుకుంటుంది. నాకు కావలసింది అంతే.

ఈసారి దాని చుట్ట మీద ఏ నంబరు వేశారో చెప్పను. నువ్వూ అడగవు. సిఫారసు ఉత్తరం అనుకుంటావేమోనని సంగతి కూడా రాయకూడదనుకున్నాను, కానీ నోరు ఊరుకున్నా చెయ్యి ఊరుకోలేదు.

ఆ చెయ్యి అంటావా, వేళకి నోటికి అందుతోంది. రోజూ బల్ల దగ్గరికి వెళ్తూనే ఉన్నాను.

అక్క

~

రుచి గది
మార్చి 20

అక్కా,

నంబరు చెప్పనందుకు సంతోషం. పరీక్ష ట్రేలో ఇరవై చుట్టలు వచ్చాయి. బల్ల మీద ఉన్నవాళ్లవీ, రావాలనుకునేవాళ్లవీ ఎప్పటిలాగే కలిపి పంపారు. మీ కోడలిది వాటిలో ఏదో నాకు తెలియదు. కుడిచేతి పిల్ల కాబట్టి కుడికి తిరిగిన పంతొమ్మిదింటిలో ఒకటై ఉంటుంది. వాటిలో నాలుగు చాలా బాగున్నాయి. ఒకటి ఆమెది కావాలని కోరుకుంటున్నాను. ఇలా కోరుకోవడం కూడా తప్పే.

రాయకూడని సంగతి ఒకటి రాస్తున్నాను. నువ్వు పనిలో చేరిన రోజు నాకు బాగా గుర్తు. ఆకుకి రెండు రెక్కలనీ, కుడి రెక్క కుడికి చుట్టాలనీ, ఎడమ రెక్క ఎడమకి చుట్టాలనీ ఇంటికొచ్చి గొప్పగా చెప్పావు. ఎడమచేతి మనిషివని మేస్త్రీ ఎడమ రెక్కలన్నీ నీకొక్కదానికే ఇచ్చాడు. మొదటి బల్లలో ఇంకెవరూ అలా చుట్టరు. అందుకని ట్రేలో ఒక్క చుట్ట ఎడమకి తిరిగి ఉంటే, దాని మీద ఎన్ని నంబర్లు వేసినా నాకు తెలిసిపోతుంది. కళ్లు మూసుకుని కూర్చోలేను కదా.

నవంబరులో నీ చుట్టకి తల దగ్గర ముడత పడింది. ఈసారి ముడత లేదు. కానీ అది చెయ్యి చుట్టిన చుట్ట కాదు, జాగ్రత్త చుట్టిన చుట్ట. ప్రతి మలుపు దగ్గరా ఆగి ఆలోచించినట్టుంది. నీ చుట్టు ఎప్పుడూ ఆగేది కాదు. రుచికి వంక లేదు. లోపలి ఆకు చక్కగా కూర్చావు, నడిమి వంతులో కొంచెం బిగిసింది, అంతే. అయినా నీ పాత చుట్ట ఎక్కడ, ఇదెక్కడ?

ముప్పై ఏళ్లు చుట్టావు. మేస్త్రీ చెప్పేదాకా ఆగకుండా నువ్వే తప్పుకుంటే మర్యాదగా ఉంటుంది. కోపం తెచ్చుకోకు. ఈ మాట ఇంకెవరైనా చెబితే నీకు ఇంకా కష్టంగా ఉంటుంది.

తమ్ముడు

~

వంటింటి బల్ల
ఏప్రిల్ 2

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి నవ్వాను.

నేను తప్పుకుని ఏడెనిమిది నెలలు దాటింది రా. కిందటేడు వానల్లోనే బొటనవేలు మొండికేసింది. లోపలి ఆకుని నొక్కి సర్దాలంటే బొటనవేలే కదా మేస్త్రీ, అది లేచిపోతే మిగతా నాలుగూ ఏం చేస్తాయి? ఇప్పుడు బల్ల వెనకాల నిలబడి కొత్తవాళ్లకి నేర్పుతున్నాను. నీతో చెబితే డాక్టర్లూ, కాపడాలూ, మా ఇంటికొచ్చి ఉండూ అని మొదలుపెడతావని చెప్పలేదు. బల్ల దగ్గరికి వెళ్తున్నానన్నాను గానీ కూర్చుంటున్నానని ఎక్కడైనా రాశానా? చూసుకో.

నువ్వు చూసింది కోడలి చుట్ట. నా పక్కన కూర్చుని నా చేతులు చూసి నేర్చుకుంది. నాకిచ్చే ఎడమ రెక్కలే దానికీ వచ్చాయి. కుడిచేతి పిల్ల ఎడమకి చుడుతుంటే మేస్త్రీ పడీపడీ నవ్వేవాడు. జాగ్రత్త చుట్టింది అన్నావే, ఆ మాట నిజం. దాని జాగ్రత్త నాకు కూడా విసుగే.

ఇక అసలు సంగతి. రెండోసారీ పోయింది. గోడకి అతికించిన కాగితం చూసి నా కళ్లు నేనే నమ్మలేదు. ఎనిమిదిన్నర, ఎనిమిది, ఏడున్నర. అర మార్కుతో పోయింది! ఆ ఏడున్నర వేసిన మహానుభావుడు ఎవడో గానీ వాడి నాలుక మీద పొయ్యి పెట్టినట్టుంది. ఆ చుట్ట నేను చేత్తో తడిమి, వాసన చూసి పంపాను. ఎనిమిదికి తగ్గే వస్తువు కాదు. నీ పక్కన కూర్చునేవాడెవడో నీకు తెలుస్తుందిగా, మొహం కడుక్కుని పనిలో కూర్చోమని చెప్పు.

కోడలు ఆ సాయంత్రం కింది గదిలోంచి వచ్చి, మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఆరు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగింది.

ఒక్కటే మిగిలింది. జులైలో.

అక్క

~

రుచి గది
ఏప్రిల్ 9

అక్కా,

ఆ ఏడున్నర నాది.

నాలుకకి ఏమీ కాలేదు. ఆ చుట్టకి నేను చూసిన రుచి ఎనిమిది. కాగితం మీద ఏడున్నర రాశాను.

పంతొమ్మిదేళ్ల కిందట ఈ కుర్చీలో కూర్చున్న మొదటి వారం ట్రేలో ఎడమ చుట్టు కనిపించింది. చాలా బాగుంది. ఎంత వేయాలో తెలుస్తూనే ఉంది, కానీ అది నాలుక చెబుతోందా, చుట్టరికం చెబుతోందా అని అనుమానం వచ్చింది. ఎందుకైనా మంచిదని అర మార్కు తీసేశాను. ఆ తర్వాత అదే అలవాటైంది. ఎడమకి తిరిగిన ప్రతి చుట్టకీ, చూసిన దాంట్లోంచి అర తీసి రాశాను. ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. నేను చాలా నిజాయితీగా ఉన్నాననుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట మొదటి బల్లలో అందరికంటే పై స్థానం, ఆ పెద్ద కుర్చీకి నీ పేరు వచ్చింది. ముగ్గురూ తొమ్మిదిన్నర వేయాలి. మిగతా ఇద్దరూ వేశారు. నేనూ తొమ్మిదిన్నరే చూశాను. తొమ్మిది రాశాను.

పెద్దాయనకి నిన్న అంతా చెప్పాను. రాసిన మార్కు దిద్దరట. జులై ట్రేకి నన్ను తప్పించమన్నాను. మూడో నాలుకని ఎక్కణ్ణుంచి తెమ్మంటావు అన్నాడు. "ఇకమీదట తీయకు" అని, తన కాగితాలు చూసుకున్నాడు. నన్ను తిడితే బాగుండేది.

నాకు సిగ్గుగా ఉంది.

తమ్ముడు

~

వంటింటి బల్ల
మే 31

రుచి గదిలోని పెద్దలకి,

తమరి ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. రాయడానికి కూర్చున్నప్పుడల్లా కూరలు తరగాల్సిన పని గుర్తొచ్చింది.

పెరటి చెట్టు మందుకి పనికిరాదని విన్నాను. పెరటి చెట్టని తెలిసి మరీ కొమ్మ నరికేవాళ్లుంటారని ఇప్పుడు తెలిసింది. నిప్పులాంటి మనిషి అనిపించుకోవడానికి తమరికి కాల్చడానికి దొరికింది నా చుట్టే. పరాయిదాన్నై ఉంటే నా మార్కు నాకు వచ్చేది. ఆ మాటకొస్తే, తమరి అక్కని అని నేను ఎక్కడా చెప్పుకోను కూడా లేదు.

పెద్ద కుర్చీ పోయినప్పుడు నాకు వారం రోజులు అన్నం సహించలేదు. తమరు ఓదారుస్తూ ఉత్తరం రాశారు. "అక్కడిదాకా వెళ్లడమే గొప్ప, ఫలితం మన చేతిలో లేదు" అని. ఆ ఉత్తరం వెతికి మళ్లీ చదివాను. చేతిరాత చాలా బాగుంది.

కుర్చీ నాకిప్పుడు అక్కర్లేదు. బొటనవేలు లేనిదానికి కుర్చీ ఎందుకు? కానీ ఒక మనిషికి ఊపిరి ఆడదని తెలిసీ అర మార్కు తీశారా, తెలియక తీశారా అని రాత్రీ పగలూ ఆలోచించాను. తెలియకే తీశారు. నాదనుకుని తీశారు. నాదైతే తీయొచ్చన్నమాట.

ఇంతకంటే రాయడానికేం లేదు.

చుట్టల మేడలో పనిచేసే మనిషి

~

రుచి గది
జులై 24

అక్కా,

తమరు అని రాసినా చదివాను. చదవాల్సిందే.

జులై ట్రే వచ్చింది. వారం ముందు నుంచీ నాకు భయం. తీయకుండా ఉండగలను. కానీ కలపకుండా ఉండగలనా? ఎడమ చుట్టు కనిపించగానే చెయ్యి దానంతటది తొమ్మిది రాసేస్తుందేమో అనిపించింది. అది కూడా పాత తప్పే, తిరగేసి చేసిన తప్పు. కాగితం మీద ముందే అడ్డగీతలు గీసుకున్నాను. దమ్ముకి ఇంత, బూడిదకి ఇంత, మూడు వంతులకీ విడివిడిగా ఇంత అని. కూడితే ఎంత వస్తే అంతే రాయాలనుకున్నాను.

ట్రే తెరిచాను. ఇరవై చుట్టలూ కుడికే తిరిగి ఉన్నాయి.

ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాను. ఎడమ చుట్టు లేదు. కోడలు పంపలేదా? ఆయాసం ఎక్కువైందా? మానుకుందా? ఫోన్ చేద్దామని చెయ్యి వెళ్లింది. ఫలితాలు గోడకి ఎక్కేదాకా మేడవాళ్లతో మాట్లాడకూడదు కదా, ఆగాను. నిన్న ఎక్కాయట, అందుకే రాస్తున్నాను. వారం రోజులు రోజుకి మూడు చొప్పున కాల్చాను. ఏ చుట్ట ఎవరిదో తెలియకుండా పని చేయడం ఇదే మొదటిసారి. చాలా తేలిగ్గా ఉంది. అలా ఉన్నందుకు బాధగా కూడా ఉంది.

ఒక్క ముక్క రాయి. కోపం తగ్గాకనే రాయి, కానీ ఆమె ఎలా ఉందో మాత్రం ముందు రాయి.

తమ్ముడు

~

వంటింటి బల్ల
ఆగస్టు 11

తమ్ముడూ,

పద్నాలుగో నంబరు కోడలిది. ఎనిమిదిన్నర, తొమ్మిది, ఎనిమిదిన్నర. వాటిలో నీది ఏదో నాకు తెలియదు, తెలుసుకోను. సోమవారం నుంచి మొదటి బల్ల మీద కూర్చుంటోంది. కిటికీ పక్క నుంచి రెండో కుర్చీ. నిన్న పొద్దున లేవగానే నన్ను పిలిచింది, మంచం అంచు పట్టుకోకుండానే.

నీ ఏప్రిల్ ఉత్తరం దానికి చూపించాను. దాచి ఏం లాభం? చదివి మడతపెట్టి ఇచ్చేసింది. మర్నాడు మేస్త్రీ దగ్గరికి వెళ్లి "నాకు కుడి రెక్కలు ఇవ్వండి" అంది. నాకు ఒళ్లు మండింది. "ఇక తీయొద్దని పెద్దాయన చెప్పాడు కదే, మళ్లీ ఈ తిరుగుడెందుకు?" అన్నాను.

"తీస్తారని కాదత్తయ్యా, ఈసారి కలుపుతారేమోనని. నాకు వచ్చిందే నాకు కావాలి" అంది.

మూడు నెలలు చేతులు తిరగేసి మొదటినుంచి నేర్చుకుంది. అది కుడిచేతి మనిషే. నా పక్కన కూర్చోవడం వల్ల ఎడమకి వంగింది, అంతే. వంపు తీసేశాక ఆగడం, ఆలోచించడం పోయాయి. నాకంటే బాగా చుడుతోంది. నాకు సంతోషం. ఏడుపు కూడా వచ్చింది. రెండూ నిజమే. ఎడమ రెక్కలన్నీ ఇప్పుడు రెండో గదికి, చౌక రకాల్లోకి పోతున్నాయి. మేస్త్రీ గంపలెత్తిస్తుంటే నేను అటు తిరిగి నిలబడ్డాను.

నీ మీద కోపం పోలేదు. కొంచెం కుదురుగా కూర్చుంది. అంతవరకే.

ఈ ఉత్తరంతో చిన్న పెట్టె వస్తుంది. అందులో ఒక్క చుట్ట ఉంది. నేనే చుట్టాను. రెండో గదికి పోయే గంపలోంచి ఒక ఎడమ రెక్క అడిగి తీసుకున్నాను. బొటనవేలికి గుడ్డ కట్టుకుని, మూడు రోజులు పట్టింది. పంతొమ్మిదేళ్లలో నా చుట్టకి నీ నాలుక చెప్పిన మార్కు ఒక్కసారి కూడా కాగితం మీదికి ఎక్కలేదు. ఈ ఒక్కదానికి ఎక్కాలి. మెచ్చుకోలు వద్దు. ఓదార్పు అసలే వద్దు. చుట్ట అనుకుని కాల్చు, చుట్టం అనుకోకు.

అక్క

~

రుచి గది
ఆగస్టు 23

అక్కా,

పెట్టె అందింది. నాలుగు రోజులు తేమ పెట్టెలో ఉంచి, ఇవాళ పొద్దున, మొదటి చుట్టగా కాల్చాను. పరిశీలన ఇది.

చూడటానికి: నడుము దగ్గర లావు, వెలిగించే కాలు వైపు సన్నం. పై ఆకు రెండుచోట్ల జిగురుతో అతికించి ఉంది. తల మాత్రం గుండ్రంగా, ఎక్కడా అతుకు తెలియకుండా ఉంది. వాసన: ఎండుగడ్డి, తడి కట్టె. వెలిగించకముందు దమ్ము: మరీ వదులు.

మొదటి మూడో వంతు: లోపల ఆకు సర్దుకోలేదు, ఖాళీ ఉంది. నిప్పు ఒక పక్కకే పరిగెత్తింది. పొగ వేడిగా, చేదుగా ఉంది. మిరియం ఉండాల్సిన చోట మంట తప్ప రుచి లేదు. బూడిద అర అంగుళానికే రాలి చొక్కా మీద పడింది. నడిమి వంతు: రెండుసార్లు ఆరిపోయింది. రెండోసారి వెలిగించాక కాఫీ గింజ కొద్దిగా తెలిసింది, మళ్లీ పోయింది. ఇది మొదటి బల్ల చుట్ట కాదు. ట్రేలో వచ్చి ఉంటే వెనక్కి పంపేవాణ్ణి.

చివరి వంతులో నిప్పు సమంగా తిరిగింది. దమ్ము కుదిరింది. తోలు, ఎండుద్రాక్ష, వాటి కింద సన్నగా కోకో. వేళ్లు కాలేదాకా కాల్చాను. ఆ పావుగంటా నువ్వు తప్ప నాకు ఇంకేమీ గుర్తు లేదు. అది పరిశీలనలో రాసేది కాదు, విడిగా రాస్తున్నాను.

గీతలు గీసుకుని, విడివిడిగా వేసి, కూడి చూశాను. రెండుసార్లు కూడి చూశాను.

అయిదున్నర.

ఆ అర మార్కు నేను కలిపింది కాదక్కా. చివరి అంగుళమున్నరది.

తమ్ముడు